జడ్జిగారి ఫొటోకు వేసిన దండ

మా మేనత్త దుకాణానికి ఎవరు ఫొటో పట్టుకొని వచ్చినా ఆమె ముందు అడిగే ప్రశ్న ఒక్కటే.

"ఉన్నరా, పోయిన్రా?"

సైజు, అద్దం, రంగు అన్నీ ఆ తర్వాతే. ఉన్నవాళ్లకైతే బంగారు అంచు ఫ్రేము. పోయినవాళ్లకైతే నల్ల చెక్క, పైన చిట్టి ఎర్ర బల్బు, రెండు మూలలా దండ వేలాడదీయడానికి కొక్కేలు. ఒకసారి కేసముద్రం నుంచి ఒక రైతు తన ఎద్దు ఫొటో తెచ్చాడు. అత్త తల ఎత్తకుండానే "ఉన్నదా, పోయిందా?" అంది. ఆయన కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు. ఎద్దుకు కూడా బల్బు పెట్టి పంపించాం.

ఆ దుకాణం కోర్టు వెనక సందులో ఉంటుంది. పదో తరగతి గట్టెక్కాక నాకు చదువు మీద మనసు పోలేదు. అత్త దగ్గర చేరిపోయాను. చెక్క కోయడం, మేకులు కొట్టడం, అద్దాలు తుడవడం, మధ్య మధ్య వచ్చినవాళ్లతో ముచ్చట్లు పెట్టడం. వీటిలో నాకు బాగా వచ్చింది ఆ చివరిదేనని అత్త అంటుంది.

మొన్న ఎండాకాలం నాటికి అత్త మోకాళ్లు పూర్తిగా మొండికేశాయి. ఇక దుకాణం మూసేస్తానంది. సెల్‌ఫోన్లు బాగుచేసే పక్క దుకాణం అతను అప్పటికే మా షట్టర్ మీద కన్నేసి ఉన్నాడు. "అత్తమ్మా, నువ్వు ఊఁ అను, రేపే సామాన్ తెచ్చుకుంట" అని రోజూ తొంగిచూసేవాడు. నేను నడుపుతాను కదా అంటే అత్త నవ్వేది.

"నీకు నోరు నడుస్తది గని దుకాణం నడవదే."

సరిగ్గా అప్పుడే లాయర్ల హాలు నుంచి సెక్రటరీ సార్ వచ్చాడు. ఆ హాల్లో ఒక గోడ నిండా ఫొటోలుంటాయి. మా కోర్టులో నల్లకోటు వేసుకొని వాదించి, ఆ తర్వాత హైదరాబాద్‌లో హైకోర్టు జడ్జీలైనవాళ్లవి. ఇప్పుడు ఆ గోడ మీదికి ఒక మేడం ఎక్కబోతోంది. ఆ వరసలో మొదటి ఆడమనిషి. ఆదివారం ఆమెకు సన్మానం. పాత ఫ్రేములేమో చెదలు తినేశాయి. అన్నీ కొత్తగా కట్టాలి.

అత్త కాసేపు మోకాలు రుద్దుకొని నా వైపు చూసింది.

"ఈ పని నువ్వు ఒక్కదానివే చెయ్యి. నేను వేలు గూడ పెట్ట. మాట రాకుంట చేసినవా, దుకాణం నీది. ఎవలన్న ఒక్క మాట అన్నరా, షట్టర్ ఆ సెల్లుఫోన్ల పిలగానికే."

"ఒట్టా?"

"ఒట్టే. ముందుగల ఆ నవ్వు బంద్ చేసి టేపు తీస్కపో."

ఫొటోలు దింపుతున్నంతసేపూ సెక్రటరీ సార్ నా స్టూలు చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. వరస తప్పుతుందేమోనని ఆయన బెంగ.

"ప్రమాణం చేసిన రోజును బట్టి వరస, బిడ్డా. ఒక్క రోజు ముందు చేసినా ఆయనే సీనియర్. ఇద్దరు ఒక్కటే రోజు చేస్తే, ముందుగల ఎవలు చేసిన్రో ఆయన సీనియర్. జడ్జీలకు ఇది ప్రాణం."

"అంటే పెండ్లి పత్రికల పేర్లేసినట్టన్నట్టు."

"గంతకన్న ఎక్వ. పత్రికల పేరు కింద పడితె ఒక్క మామనే అలుగుతడు."

అట్లా ఆ గోడ కథంతా నాకు చెప్పాడు. వరసలో మొదటాయన నిజాం కాలంవాడు. షేర్వాణీ, తల మీద కుచ్చు వేలాడే ఎర్ర రూమీ టోపీ. అది నలుపు తెలుపు ఫొటోయే గానీ ఎవరో కుంచెతో టోపీకి ఎరుపు, బుగ్గలకు గులాబీ రంగు వేశారు. కింద పేరు ఉర్దూలో ఉంది. ఆయన తీర్పులు కూడా ఉర్దూలోనేనట. తర్వాతవాళ్లకు టోపీలు పోయి మెడలో తెల్లపట్టీలొచ్చాయి. ఆ తర్వాత మీసాలు పోయి కళ్లజోళ్లొచ్చాయి. నిజాం రాజ్యం పోయింది, రెండు రాష్ట్రాలు ఒకటయ్యాయి, మళ్లీ విడిపోయాయి. మూసీ పక్కన ఆ ఎర్ర హైకోర్టు కట్టడంలో మాత్రం ఒకరి తర్వాత ఒకరు మావాళ్లు కూర్చుంటూనే ఉన్నారట. వాళ్లలో ఒకాయన కాయితాలు ఎగురుతాయని ఎండాకాలంలో కూడా ఫ్యాను వేయనిచ్చేవాడు కాదట. ఇంకొకాయన తీర్పు మధ్యలో పద్యాలు రాసేవాడట.

చివర్నుంచి మూడో ఫొటో దింపుతుంటే సార్ గొంతు దానంతటదే తగ్గింది.

"ఈయన వాయిదాలియ్యని సారు. 'వాయిదా' అన్న మాట ఇనవడితె చాలు, పెన్నుకు మూత పెట్టి గట్లనే చూసేటోడు. వకీళ్లకు చెమటలు. ఆయనింట్ల 'రేపు' అన్న మాట ఎవలు అనేది లేదంట."

ఫొటోలో ఆయన ఒక కనుబొమ్మ పైకి, ఒకటి కిందికి ఉంది. ఇప్పుడే ఏదో అడగబోతున్నట్టు చూస్తున్నాడు. నాకు నవ్వొచ్చింది.

అన్నీ దింపాక మా దుకాణం ప్రశ్న నేనూ అడిగాను.

"సార్, వీళ్లల్ల ఉన్నోళ్లెవలు, పోయినోళ్లెవలు?"

"కొత్త మేడం ఒక్కతే ఉన్నది. తక్కినోళ్లందరు పోయిన్రు."

"ఖాయమేనా సార్?"

"ఒక్కొక్కలికి నిలబడి మౌనం పాటించినోన్ని. నాకు తెల్వదా?"

ఇంకేం అడుగుతాను? ఒక్క మేడంకు బంగారు అంచు, మిగతా అందరికీ నల్ల చెక్క, బల్బు, గంధం చెక్కల దండ. షేర్వాణీ సార్‌కు మాత్రం దండ, బల్బు పెట్టలేదు. ముస్లింల ఇళ్లలో అట్లా వేయరని అత్త నాకు ముందే నేర్పింది. ఆ ఫొటో అద్దం మా ఎదురు చాయ్ హోటల్ చాచా తానే తుడుస్తానని పట్టుకుపోయాడు. కింద ఉర్దూ పేరు చదివి చెప్పిందీ ఆయనే.

"మా దాదా కేసు ఈ సాబ్ దగ్గరికే పోయిందట. ఓడిపోయిండు."

"ఓడగొట్టినాయన్ని గంత పావురంగ, ప్రేమగ తుడుస్తానవేంది చాచా?"

"మా దాదా చెప్పుకున్నదంత నిమ్మలంగ ఇన్నడట బిడ్డా. అంతకుముందు ఎవలు ఇనలె."

శనివారం సాయంత్రానికి అన్నీ వరసలో గోడెక్కించాను. బల్బులు వేస్తే హాలంతా ఎర్రగా మెరిసింది. సెక్రటరీ సార్ "వారెవ్వా" అన్నాడు. అప్పుడే దుకాణం నాదైపోయినట్టు ఇంటికి పోతూ బోర్డు మీద ఏ రంగు వేయించాలో కూడా ఆలోచించుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం ఆఖరిసారి అద్దాలు తుడుద్దామని హాలుకు పోయాను. కుర్చీలు వేసి ఉన్నాయి, మనుషులింకా రాలేదు. నేను స్టూలు మీదుండగా తెల్ల పంచె కట్టుకున్న ఒక తాత చేతికర్రతో లోపలికొచ్చాడు. గోడ వెంబడి నడుస్తూ ఒక్కో ఫొటో ముందూ ఆగుతున్నాడు.

"ఏ ఊరు తాతా?"

"వర్ధన్నపేట అవుతల."

"మేడం చుట్టాలా?"

"గట్లనే అనుకో. రమ్మని ఫోన్ చేసింది."

మనిషి దొరికాడు కదా, నేను విన్న కథలన్నీ విప్పేశాను. రూమీ టోపీ, ఫ్యాను, పద్యాలు, అన్నీ. తాత బుద్ధిగా విన్నాడు. వాయిదాలియ్యని సారు ఫొటో దగ్గర మాత్రం కదలకుండా నిలబడ్డాడు.

"ఈయన ఎవలు బిడ్డా?"

"వాయిదాలియ్యని సారు తాతా. మస్తు కోపిష్టట. వకీళ్లు గజగజ వణికేటోళ్లట. ఇంట్ల గూడ ఆయనంటే అందరికి హడలట."

"ఇంట్ల సంగతి అబద్ధం. ఇంట్ల ఆయనే వణికేటోడు."

"నీకెట్ల ఎరుక?"

"విన్న. ఎప్పుడు పోయిండు?"

"గది నాకు తెల్వది. గని దండ మాత్రం మంచిది ఏసిన. అసలు గంధం. జర వాసన జూడు."

తాత ముందుకు వంగి నిజంగానే వాసన చూశాడు.

"మంచిగున్నది. బల్బు గూడ మంచిగ వెలుగుతాంది."

అని నా వైపు తిరిగాడు. ఒక కనుబొమ్మ పైకి లేచింది, ఇంకొకటి కిందనే ఉంది. నేను ఫొటో చూశాను. తాతను చూశాను. మళ్లీ ఫొటో చూశాను. స్టూలు దిగానో జారానో నాకిప్పటికీ తెలియదు.

"సార్... మీరు ఉన్నరా?"

"పొద్దున లేసినప్పుడైతె ఉన్న."

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. అత్త మోకాళ్లు, షట్టర్, సెల్‌ఫోన్లు, అత్త పెట్టిన షరతు, ఊపిరి తిప్పుకోకుండా అన్నీ చెప్పేశాను. ఆయన కుర్చీలో కూర్చొని కర్ర మీద రెండు చేతులూ పెట్టుకున్నాడు.

"ఆగాగు. దండేసే ముందుగల ఎవల్నన్న అడిగినవా?"

"అడిగిన సార్. ఖాయమేనా అని మళ్ల గూడ అడిగిన."

"ఎవల్ని?"

అప్పుడే సెక్రటరీ సార్ పూలబొకేతో లోపలికొచ్చాడు. కుర్చీలో ఉన్న మనిషిని చూశాడు. బొకే కింద పడింది.

"గీయన్నే" అన్నాను.

"సార్! మీరు... మీకు మేము మౌనం పాటించినం సార్!"

"ఎందుకయ్యా?"

"మీ ఊర్లె పోయిండని విన్నం. మీ పేరే చెప్పిన్రు."

"ఆయన మా ఊరి హెడ్‌మాస్టర్. ఇద్దరిది ఒక్కటే పేరు. సరే గని, ఆ రోజు కోర్టు బంద్ పెట్టిన్రా?"

"పెట్టినం సార్. మధ్యాహ్నం సంది."

"అన్ని కేసులు వాయిదానా?"

"...అన్ని సార్."

"నేనున్నన్ని రోజులు మీకు దొరకనిది అన్నట్టు. ఖుషీ అయినరా?"

సెక్రటరీ సార్ వంగి బొకే పూలు ఏరుకోవడం మొదలుపెట్టాడు. నేను ఎగిరి దండ తీశాను, బల్బు ఆర్పాను. సరిగ్గా దండ నా చేతిలో ఉండగా ఆటో దిగి అత్త వచ్చింది. దండ చూసింది, ఫొటో చూసింది, కుర్చీలో మనిషిని చూసింది. ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. రెండు చెంపలూ వేసుకుంది.

"అయ్యో సామీ! ఉన్న మనిషికి దండేసినమా! నా దుకాణంల ఇన్నేండ్లల్ల ఎన్నడు గాలె."

"ఏం కాదమ్మా. పోయిండని అనుకున్నోనికి ఆయుష్షు పెరుగుతదంటరు గద. పిల్ల అడిగింది, సాక్షి తప్పు చెప్పిండు. ఇంక మాట అనాల్సినోడెవడు? పోయినోడు. నేనేం అనలె."

అత్త చేతులు జోడించింది గానీ మెత్తబడలేదు.

"మీరు పెద్దలు, మీ మనసు పెద్దది సార్. గని గోడ మీద మీరింక నల్ల చెక్కలనే ఉన్నరు. మేడం వచ్చి చూస్తె? ఊరంత చూస్తె?"

ఇట్లాంటప్పుడు అత్త లేచి పనిలోకి దిగేది. ఆ రోజు కదలకుండా నన్నే చూస్తూ నిలబడింది.

"సార్, జర టైం ఇయ్యిండ్రి. మేడం వచ్చేలోపు బంగారు అంచుల పెట్టి తెస్త."

"వాయిదా అడుగుతున్నవా?"

"లేదు సార్! ఇయ్యాలనే! ఇప్పుడే!"

ఆయన ఫక్కున నవ్వాడు. నేను ఫొటో గుండెలకు హత్తుకొని సందులోంచి ఉరికాను. చాచా చాయ్ గ్లాసులు వదిలేసి షట్టర్ ఎత్తాడు. బంగారు పట్టీ కొలిచి, మూలలు ఏటవాలుగా కోసి, జిగురు పెట్టి, మేకులు కొట్టాను. తొందరలో బొటనవేలి మీద కూడా ఒకటి కొట్టుకున్నాను. అద్దం వేసి, వెనక అట్ట బిగించి మళ్లీ ఉరుకు. హాలు బయట కారు ఆగే వేళకు నేను స్టూలు మీదున్నాను. మేడం గుమ్మం దాటే వేళకు ఫొటో గోడ మీదుంది.

మేడం లోపలికొస్తూనే నేరుగా తాత దగ్గరికి పోయి కాళ్లకు మొక్కింది. ఈయన ఇక్కడ వకీలుగా ఉన్నప్పుడు ఈయన దగ్గరే ఆమె జూనియర్‌గా చేరిందట. ఆడపిల్ల నల్లకోటు వేసుకొని వస్తే హాల్లో కుర్చీ కూడా జరపని రోజుల్లో, ఈయన మొదటి రోజే ఆమె చేతిలో ఫైలు పెట్టి "లేసి వాదించు" అన్నాడట. ఇప్పుడు మైకులో ఆమె ఆ మాట చెబుతుంటే తాత కర్ర వైపు చూస్తూ కూర్చున్నాడు. తర్వాత ఆమె గోడ వైపు తిరిగి బంగారు అంచులు రెండూ చూసింది.

"గీ గోడ మీద మనిద్దరమే ఉన్నట్టున్నం సార్."

సంగతి అప్పటికే హాలంతా పాకింది. నవ్వులతో కుర్చీలు కదిలిపోయాయి. తాత లేచి గంధం దండ ఇటివ్వమని నన్నడిగాడు. మేడం మెడలో వేస్తాడనుకున్నాం. ఆయన నేరుగా సెక్రటరీ సార్ దగ్గరికి పోయి ఆయన మెడలో వేశాడు.

"నిలబడి మౌనం పాటించినందుకు."

చప్పట్లు ఆగితే ఒట్టు. అత్త మాత్రం "హరిహరీ, ఇంకొక ఉన్న మనిషికి" అని గొణిగింది. గొణుగుతూనే ఆమె కూడా కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది.

జనం భోజనాలకు కదిలాక అత్త కుంటుకుంటూ గోడ దగ్గరికి పోయింది. బంగారు ఫ్రేము నాలుగు మూలలా, రెండు పట్టీలు కలిసే చోట, తన బొటనవేలి గోరుతో అడ్డంగా గీసి చూసింది. అతుకు సరిగా కుదరకపోతే అక్కడ గోరు తట్టుకొని ఆగుతుంది. ఒక మూల. రెండో మూల. గోరు జారిపోతూనే ఉంది.

"ఉరుక్కుంటనే కోసినవా?"

"ఊఁ."

"ఊఁ" అంది ఆమె కూడా.

మర్నాడు పొద్దున సెల్‌ఫోన్ల అతను ఎప్పటిలాగే తొంగిచూశాడు. "అత్తమ్మా, ఏమాయె నా షట్టర్?"

అత్త కుర్చీ గోడ వైపు జరుపుకొని చాయ్ ఊదుకుంటోంది.

"నన్నడుగుతవేందిరా? దుకాణం గల్లది ఆడ కూసున్నది. ఆమెనడుగు."

అతను నా వైపు తిరిగాడు. నేను టేపు మెడలో వేసుకొని, "ఖాళీ లేదు తమ్మీ. ఫొటో ఏమన్న తెచ్చినవా?" అన్నాను. ఎదురుగా చాచా గ్లాసులు కడుగుతూ పెద్దగా నవ్వుతున్నాడు.