ఇప్పపూలు ఎండబోసిన రోజుల వీడియో

2023 వానాకాలం. కొండల నడుమ ఇనుప గనుల ఊరు బచేలి. ఇక్కడి బజారులో నా దుకాణానికి కంప్యూటర్ రిపేర్ అనే బోర్డే ఉంది గానీ, పోయిన డేటా తీసిచ్చే మనిషిగానే నన్ను ఈ చుట్టుపక్కల ఎక్కువమంది ఎరుగుదురు. పెళ్లికి ముందు విశాఖపట్నంలో ఒక డేటా రికవరీ ల్యాబ్‌లో పనిచేశాను. మా ఆయనకు గనుల్లో ఉద్యోగం కావడంతో ఇక్కడికొచ్చి, నేర్చిన పని వదల్లేక దుకాణం తెరిచాను.

ఆ వారమంతా ముసురు. ఘాట్‌లో కొండచరియలు పడి విశాఖ రైలు బంద్. పొద్దున్నే షట్టర్ తీస్తుంటే ఒకామె తువ్వాలులో ఏదో చుట్టుకుని మెట్ల మీద నిలబడి ఉంది. రెండో చేత్తో ఎనిమిదేళ్ల పాప మణికట్టు పట్టుకుంది. చెయ్యి కాదు, మణికట్టు. ఆ పట్టు ఎందుకో మొదట నాకు అర్థం కాలేదు. వెనకాల ఆమె భర్త, గని డ్యూటీ బట్టల్లోనే ఉన్నాడు.

ఆమె పేరు సమ్మక్క. తర్లగూడ ఆడపడుచు. భర్త పైడిరాజుది శ్రీకాకుళం వైపు, గనిలో ఆపరేటర్. పాప దివ్య.

తువ్వాలులో ఉన్నది ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కు. "ఎలా పోయింది?" అన్నాను.

"నేను పడేసిన" అంది దివ్య నేల చూస్తూ.

"నువ్వు పడేయలే బిడ్డా. నీకు ఫిట్స్ వచ్చినయ్" అంది సమ్మక్క.

డిస్కు టీవీకి పెట్టి పాప ఏదో చూస్తోందట. ఫిట్స్ వచ్చి పక్కకి ఒరిగినప్పుడు చెయ్యి వైరుకి తగిలి, నడుస్తున్న డిస్కు బల్ల మీంచి గచ్చు మీద పడింది. హార్డ్‌డిస్కు లోపల అద్దంలాంటి పళ్లాలు గిర్రున తిరుగుతుంటాయి. ప్లాటర్లు అంటాం. వాటికి వెంట్రుకవాసి ఎడం కూడా లేకుండా, తగలకుండా తేలుతూ చదివే సూదిలాంటిది హెడ్. ఆగి ఉన్న డిస్కు పడితే చాలాసార్లు బతుకుతుంది. నడుస్తుండగా పడితే హెడ్ వెళ్లి పళ్లాన్ని గీరేస్తుంది. గీరుకున్న చోట ఉన్నది ఇక ఎవరి వల్లా తిరిగిరాదు.

"ఇందులో ఏముంది?"

"దీని ఫిట్స్ వీడియోలు అక్కా. విశాఖల డాక్టర్ చెప్పిండు, వచ్చినప్పుడల్లా ఫోన్ల తియ్యిమని."

రెండు మందులు మార్చినా ఫిట్స్ తగ్గలేదు. ఆసుపత్రిలో తలకు వైర్లు పెట్టి చూసిన రెండుసార్లూ పాపకు ఆ కాసేపట్లో ఫిట్స్ రాలేదు. అది ఎక్కడ మొదలవుతోంది, ముందు ఏ చెయ్యి కదులుతోంది, కళ్లు ఏ పక్కకి తిరుగుతున్నాయి? అది తెలిస్తేనే తర్వాత ఏం చేయాలో తేల్చగలనని డాక్టర్ అన్నాడట. ఫోన్ నిండిపోవడంతో పైడిరాజు వీడియోలన్నీ డిస్కులోకి మార్చి, ఫోన్‌లోవి తీసేశాడు. డాక్టర్‌కి చూపించాల్సింది వచ్చే వారమే.

"పడ్డాక ఏమైనా చేశారా?"

పైడిరాజు గొంతు సవరించుకున్నాడు. "ఏటో వీడియోలో చూసినానండి. కవర్లో సుట్టి ఫ్రిజ్‌లో ఎట్టినాను."

చల్లటి డిస్కుని ఈ ముసురుగాలిలోకి తీస్తే లోపల చెమ్మ పడుతుంది. చెమ్మ పట్టిన పళ్లాలకు కరెంటిస్తే అంతే సంగతులు. ఆ మాట ఆయనతో అనలేదు. అప్పటికే ఆయన ముఖంలో నెత్తురు లేదు. చెమ్మ పీల్చే పొట్లాలు వేసిన డబ్బాలో డిస్కు పెట్టి మూత బిగించి, మర్నాడు రమ్మన్నాను.

మర్నాడు వాళ్లకు ఉన్నదున్నట్టు చెప్పాను. "దీన్ని విప్పి బాగుచేయాలంటే దుమ్ములేని గది కావాలి. అది ల్యాబ్‌లోనే ఉంటుంది. పంపితే వారాలు పడుతుంది. ఇక్కడ విప్పకుండా ప్రయత్నించొచ్చు. కానీ నేను కరెంటిచ్చినప్పుడల్లా అదే ఆఖరిసారి కావచ్చు. అప్పుడిక ల్యాబ్‌వాళ్లకూ ఏమీ మిగలదు."

పైడిరాజు భార్యవైపు చూశాడు.

సమ్మక్క అంది. "మొన్న నీళ్ల డ్రమ్ము కాడ పడ్డది అక్కా. మొకం నీళ్లల్ల. నేను చేతికి అందేంత దూరంల ఉన్న కాబట్టి బతికింది. ఈసారి డాక్టర్ దగ్గరికి పోవుడు తప్పితే మళ్ల నెలలు పడ్తది. అన్ని నెలలు నేను రెప్ప కొట్టకుండ ఉండాల్నా? నువ్వే చెయ్యి."

మణికట్టు ఎందుకు పట్టుకుంటుందో అప్పుడు తెలిసింది. వేళ్లు పట్టుకుంటే జారిపోతుంది.

ఈ పనిలో మొదటి నియమం, పాడైన డిస్కులో ఫైళ్లు తెరవకూడదు. ముందు ఉన్నదంతా ఇంకో డిస్కులోకి క్లోన్ చేయాలి, అంటే అక్షరం పొల్లుపోకుండా దించాలి. కానీ ఈ డిస్కు అంతసేపు బతుకుతుందన్న నమ్మకం నాకు లేదు. "అన్నిటికన్నా కావలసిన వీడియో ఏది?" అన్నాను.

"అన్నిట్ల నేను తీసేసరికి ఫిట్స్ షురూ అయిపోయి ఉంటది. ఒక్కదాంట్లనే మొదటికెల్లి ఉంది. బడిల చెప్పే పద్యం చెప్తాంది, నేను ఊరికే తీస్తాన. అప్పుడే వచ్చింది."

"ఎప్పుడు తీశారు?"

ఆమె కళ్లు మూసుకుంది. "తారీకు యాదికి లేదు. మా అమ్మగారింట్ల. వాకిట్ల ఇప్పపూలు ఎండబోసి ఉన్నయ్."

ఇప్పపూలు రాలేది మార్చి, ఏప్రిల్. వెతకాల్సింది ఎక్కడో తెలిసింది.

ఇన్వర్టర్ చూసుకుని కరెంటిచ్చాను. చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. తిరుగుతోంది. ఒక గీరు చప్పుడు, తర్వాత నిశ్శబ్దం, తర్వాత మామూలు శబ్దం. ముందు ఫైళ్ల పట్టిక చదివించాను. ఏ ఫైలు ఎక్కడుందో చెప్పేది అదే. అది వచ్చింది. మార్చి, ఏప్రిల్ వీడియోలను ముందువరసలో పెట్టి దించడం మొదలుపెట్టాను. నత్తనడక. ఒకచోట ఆగేది, మళ్లీ కదిలేది. పైడిరాజు గోడవైపు తిరిగి నిలబడ్డాడు. సమ్మక్క స్క్రీన్ చూడలేదు, పాపనే చూస్తోంది. దివ్య డిస్కునే చూస్తోంది.

అప్పుడు మొదలైంది. టిక్. టిక్. టిక్.

హెడ్ దారి తప్పి వెనక్కి వచ్చి కొట్టుకుంటున్న చప్పుడది. ఇంకొంచెం వస్తుందేమోనన్న ఆశతో వదిలేస్తే పళ్లాలు గీసుకుపోతాయి. వైరు లాగేశాను.

"పోయిందా?" అంది దివ్య.

"చూడాలి తల్లీ."

చల్లారనిచ్చి ఇంకోసారి ఇచ్చాను. కాసేపు నడిచింది. మళ్లీ టిక్కుమంది. మళ్లీ తీసేశాను. మూడోసారి అసలు తిరగలేదు.

దిగినవి కొన్ని వీడియోలు. తెరుచుకున్నవాటిలో ఇప్పపూలు లేవు. మేం వెతికేది మిగిలిన ఆ ఒక్కటే అయ్యుండాలి, కానీ దాని చివరి ముక్క రాలేదు. తెరిస్తే తెరుచుకోలేదు. ఫోన్‌లో తీసిన వీడియోల్లో చాలావాటికి తోకన ఒక ఇండెక్స్ ఉంటుంది. బొమ్మలను ఏ వరుసలో చూపించాలో చెప్పేది అదే. అది లేకపోతే మిగతాదంతా ఉన్నా ఫైలు గుడ్డిదే. సమ్మక్క నా ముఖం చూసి కుర్చీ అంచు పట్టుకుంది. అదే ఫోన్‌తో తీసిన మంచి వీడియో ఒకటి ఉంటే, దాని నమూనాతో ఇండెక్స్ మళ్లీ కట్టొచ్చు. దిగినవాటిలో అలాంటిది ఒకటి దొరికింది. అది కుదురుతుందని నాకు గట్టి నమ్మకమేమీ లేదు. అయినా కట్టి, ఫైలు మళ్లీ తెరిచాను.

స్క్రీన్ మీద ఇప్పపూలు కనబడ్డాయి. చాప మీద దివ్య, చేతులు కట్టుకుని పద్యం చెబుతోంది. రెండో పాదం మధ్యలో మాట ఆగింది. ఎడమచేతి బొటనవేలు లోపలికి ముడుచుకుంది. తర్వాత వేళ్లు, తర్వాత మోచెయ్యి. కళ్లు ఎడమకి తిరిగాయి. అంతలో ఫోన్ కిందపడింది. అక్కణ్ణుంచి కనబడేది పెంకుల చూరు. వినబడేది సమ్మక్క గొంతు, "నేనున్న బిడ్డా, ఈడనే ఉన్న, నేనున్న" అని ఆగకుండా.

పైడిరాజు రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

"నాకు చూపియ్యి" అంది దివ్య.

"వద్దు" అంది తల్లి.

"నాకు ఏమైతదో అందరు చూసిన్రు. నేనే చూడలే. లేచేసరికి అందరు నన్ను ఎట్లనో చూస్తరు."

సమ్మక్క పాపను ఒళ్లోకి లాక్కుని, నావైపు తలూపింది. మొదటినుంచి వేశాను. చెయ్యి ముడుచుకునేటప్పుడు పాప తన ఎడమచేతిని కుడిచేత్తో పట్టుకుంది. చూరు కనబడే భాగం వచ్చాక కదలకుండా విన్నది.

"ఇది ఎప్పుడంటవ్ అమ్మా? నాకు ఒక్కసారి గుడ వినపడలే."

"ప్రతిసారి అంట."

నేను లేచి వెళ్లి వానలో బయట నిలబడ్డాను.

వాళ్లు జగదల్‌పూర్ మీదుగా బస్సులు మారి విశాఖ చేరారు. ఆ ముడుచుకున్న బొటనవేలు చూసి డాక్టర్ తల స్కాన్ మళ్లీ తీయించాడట. ఇంతకాలం తల మొత్తానికి సంబంధించిందనుకున్న జబ్బు ఒకే చోట పుడుతోందని తేలి, మందు మార్చాడు. ఫిట్స్ పూర్తిగా పోలేదు. బాగా తగ్గాయి. వచ్చేముందు వేలు లాగుతుందని ఇప్పుడు పాపకు తెలుసు. లాగగానే కింద కూర్చుంటుంది. దారిలో కనబడినప్పుడు సమ్మక్క మణికట్టు వదిలి పాప వేళ్లు పట్టుకుని నడుస్తుంటుంది.

డిస్కులో మిగతాది దక్కలేదు. దివ్య మొదటి అడుగులు కూడా అందులోనే ఉన్నాయని పైడిరాజు తర్వాత ఒకరోజు వచ్చి చెప్పాడు. "ఇంకేటీ రాదాండి?" అన్నాడు. రాదని చెప్పాను. అబద్ధపు ఆశ పెట్టడం ఈ పనిలో అన్నిటికన్నా తేలిక. ఇప్పుడాయన కొత్త వీడియోలు రెండు చోట్ల దాస్తున్నాడు, ఒకటి ఇంట్లో, ఒకటి తర్లగూడలో అత్తగారింట్లో.

అంతకుముందు ఎవరైనా డిస్కు తెస్తే ఎన్ని జీబీ ఉంది, ఏ కంపెనీది అని అడిగేదాన్ని. ఇప్పుడు కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఇందులో ఏది లేకపోతే మీకు రోజు గడవదని అడుగుతాను. కొందరు వెంటనే చెబుతారు, కొందరు ఏడుస్తారు, కొందరికి చాలాసేపు పడుతుంది. జవాబు వచ్చేదాకా డిస్కుకి కరెంటివ్వను.