డాక్టర్‌గారి రెండో పిడి

డాక్టర్ సూర్యప్రకాశ్‌గారికి ఖాళీ చేతులు కనిపిస్తే చాలు, వాటికి రంపం పిడి అందించేదాకా మనసు ఊరుకునేది కాదు. పిట్స్‌బర్గ్‌కి గంట దూరంలో ఆయనకి ఒక ఇల్లూ, ఇంటి వెనక పంతొమ్మిదివందల డెబ్బై ఎనిమిదిలో ముచ్చటపడి కొనుక్కున్న చిన్న అడవీ ఉండేవి. ఆ ఇంటికి భోజనానికి పిలిచారంటే పళ్ళెంకంటే ముందు, రంపం హోరుకి చెవులు మూసుకునే మఫ్‌లు చేతికొచ్చేవి. సత్యనారాయణ వ్రతం చేయించడానికి వచ్చిన పురోహితుడు కూడా, ప్రసాదం పంచి, పంచె ఎగ్గట్టి, ఒక ఓక్ దుంగ కోయించి మరీ వెళ్ళాడని తెలుగువాళ్ళు చెప్పుకునేవారు.

"ఆ పిడి కాస్త పట్టుకోవయ్యా. ఒక్కడి వల్ల కావడం లేదు," అనేవారు డాక్టర్‌గారు. ఆ "కాస్త" పొద్దున కాఫీతో మొదలై చీకటి పడితేగాని పూర్తయ్యేది కాదు.

చేసేది ఎముకల వైద్యం. వారమంతా ఆస్పత్రిలో నడుములు బాగుచేసి, శనివారం అడవిలో వాటిని విరగ్గొడతారని ఆయనకి పేరు. చెట్ల మీద మాత్రం ఈగ వాలనిచ్చేవారు కాదు. దేనికీ అడ్డం రాకుండా పచ్చగా నిలబడిన చెట్టుని ముట్టుకునేవారు కాదు. గాలివానకి కూలినవి, నిలువునా ఎండినవి, పక్కచెట్టుకి ఎండ తగలనివ్వకుండా ఇరుక్కుని పెరిగినవి, ఇవే ఆయనకి పనికొచ్చేవి. దుంగ మీద నిచ్చెన పరిచి మేకులు కొట్టేవారు. చైన్‌సా అనే ఇంజన్ రంపానికి ఒక ఇనపచట్రం బిగించి, ఆ నిచ్చెన మీదుగా నెట్టుకుంటూ పోతే పలక ఊడొచ్చేది. చట్రానికి ఇంజన్ వైపు ఒక పిడి, రంపం కొసన మరో పిడి. మొదటిది డాక్టర్‌గారిది. రెండోది ఆ వారం ఎవరి ఖర్మ కాలితే వాళ్ళది.

కోసిన పలకల మధ్య సన్నటి పుల్లలు పెట్టి పేర్చి, గరాజ్‌లో ఆరబెట్టేవారు. అంగుళం మందం ఆరడానికి ఏడాది పడుతుందట. పలకలు గరాజ్‌లో వెచ్చగా ఉంటే కార్లు మంచులో తడిసేవి. ఆయన భార్య హైమ చలికాలం పొద్దున్నే కారు మీద మంచు గోకుతూ, తాను కూడా చెక్కగా పుట్టి ఉంటే ఈ ఇంట్లో ఎంత సుఖపడేదో అనుకునేది.

ఎనభై రెండులో ఆ రెండో పిడికి దామోదర్ శాశ్వతంగా దొరికిపోయాడు. అతను మెటలర్జీ ఇంజనీరు. పనిచేసే స్టీల్ ప్లాంట్ ఆ వసంతంలో మూతపడింది. సంగతి భార్య శశికళకి తప్ప తెలుగువాళ్ళెవరికీ చెప్పలేదు. మన పార్టీల్లో పకోడీ నోట్లో పెట్టుకునేలోపే అడిగే మొదటి ప్రశ్న "జాబ్ ఎలా ఉంది?" కాబట్టి పార్టీలకి వెళ్ళడం మానేశాడు. పొద్దున్నే టై కట్టుకుని బయల్దేరి, ఎక్కడో లైబ్రరీలో అప్లికేషన్లు రాసుకుని, సాయంత్రం ఆఫీసు వదిలే వేళకి ఇల్లు చేరేవాడు. ఎదురింటి పటేల్‌గారు కిటికీలోంచి చూస్తారని ఆ వేషం. ఏ పనీ చెయ్యకుండా తిరగడంలో ఉన్న అలసట ఏ ఉద్యోగంలోనూ ఉండదని అతనికి అప్పుడే తెలిసింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే డాక్టర్‌గారి ఫోన్లు మొదలయ్యాయి. అంతకుముందు ఉగాది పార్టీలో నమస్కారం తప్ప పెద్దగా పరిచయం లేదు. ఇప్పుడు ప్రతి శనివారం తెల్లవారకముందే ఫోన్ మోగేది. జలుబు చేసిందని శశికళ చేత చెప్పించాడు. రంపపు పొట్టు వాసనకి ఎలాంటి జలుబైనా దిగుతుందని జవాబొచ్చింది. కారు స్టార్ట్ కావడం లేదని చెప్పించాడు. అరగంటలో డాక్టర్‌గారే వచ్చి వాకిట్లో హారన్ కొట్టారు. దామోదర్ ఆయన కార్లో కూర్చుని, ఉద్యోగం పోయినవాడికి ఇంతకంటే పోవడానికి ఇంకేం మిగలదనుకున్నా, నడుము ఒకటి మిగిలిందని గ్రహించాడు.

పని మాత్రం గొడ్డుచాకిరీ. ఇంజన్ హోరుకి పళ్ళు కూడా వణికేవి. సాయంత్రం ఇంటికొచ్చి టీ తాగబోతే చేతిలో కప్పు తనంతట తానే సాసర్ మీద మోగేది. కోత లేనప్పుడు చెట్ల మెడకి చుట్టుకున్న అడవి ద్రాక్షతీగలు నరకడం, దుంగల కొసలు పగలకుండా రంగు పూయడం, మళ్ళీ కోత. డాక్టర్‌గారు ఏది పడితే అది మాట్లాడేవారు. చెర్రీ కలప వాసన గురించి గంట, ఓక్ ఎందుకు మొండిదో ఇంకో గంట. ప్లాంట్ ఎలా ఉందని ఒక్కసారీ అడగలేదు. అడగబోయినా రంపం హోరులో వినపడదు. ఈయనకి చెట్లు తప్ప మనుషులు కనపడరని దామోదర్ విసుక్కున్నాడు. విసుక్కుంటూనే, వారం మొత్తంలో హాయిగా ఊపిరి పీల్చేది ఆ హోరులోనే అని తనకి తెలియకుండానే అలవాటు పడ్డాడు.

చలికాలంలో ఒక శనివారం మంచం దిగబుద్ధి కాలేదు. ఆ వారం వచ్చిన జవాబులన్నీ ఉద్యోగం లేదనేవే. అన్నీ సర్దుకుని ఇండియాకి వెళ్ళిపోదామన్నాడు శశికళతో.

"వెళ్దాం. కానీ ఇవాళ కాదు. డాక్టర్ అన్నయ్యగారు ఆల్రెడీ డ్రైవ్‌వేలో ఉన్నారు. మీరు రాకపోతే ఆ మేపుల్ దుంగ పాడైపోతుందిట," అంది శశికళ.

తనకోసం ఒక దుంగైనా ఎదురుచూస్తోందన్న మాట ఎందుకో పనిచేసింది. తిట్టుకుంటూ లేచి బూట్లు వేసుకున్నాడు.

మళ్ళీ వసంతం వచ్చేసరికి అరిజోనా నుంచి కబురొచ్చింది. చాండ్లర్‌లో కంప్యూటర్ చిప్స్ తయారుచేసే కంపెనీలో ఉద్యోగం. మొదట ఈ మాట డాక్టర్‌గారికే చెప్పాలనిపించింది దామోదర్‌కి. ఆయనకి బుధవారం సెలవు కాబట్టి, ఫోన్ కూడా చెయ్యకుండా వెళ్ళాడు.

ఇంటి వెనక రంపం మోగుతోంది. ఈ వారం ఎవరు బలైపోయారోనని తొంగి చూశాడు. ఎవరూ లేరు. డాక్టర్‌గారొక్కరే, ఈల వేసుకుంటున్నట్టు పెదవులు ముడిచి, అంత లావు ఓక్ దుంగని వెన్నముద్దలా కోసుకుపోతున్నారు. తామిద్దరూ పూటంతా పెనుగులాడే పలక, కళ్ళముందే ఊడి పడింది. రంపం కొసన రెండో పిడి అసలు లేనేలేదు. దామోదర్ గరాజ్‌లోకి చూశాడు. ఆ పిడి గోడ మేకుకి తగిలించి ఉంది.

అతనికి మొదట వచ్చింది కోపం. ఏడాదిపాటు అరిగిన నడుము జ్ఞాపకం వచ్చింది. తిన్నగా వంటింట్లోకి వెళ్ళాడు.

"వదినగారూ, ఆయనకి ఒక్కరికీ చేతనవుతుందా?"

హైమ స్టవ్ కట్టేసింది. "ఒక్కరైతేనే త్వరగా అవుతుంది అన్నయ్యగారూ. పక్కన మనిషుంటే, వాళ్ళ వేళ్ళు ఎక్కడున్నాయో చూసుకోడానికే సగం పూట సరిపోతుందిట. అందుకే ఆ పిడి మీరొచ్చే రోజే బిగిస్తారు."

"మరి నన్నెందుకు పిలిచారు?"

"మీ ప్లాంట్ క్లోజ్ చేశారని పేపర్లో చదివి ఆ రోజంతా అన్నం సరిగ్గా తినలేదు. డబ్బిస్తే మీరు తీసుకోరు, ఓదారిస్తే ఇంకోసారి రారు అన్నారు. జాబ్ గురించి ఎవరూ అడగని చోటు ఒకటి మీకు కావాలన్నారు. అలాంటి చోటు ఆ రంపం పక్కన తప్ప ఇంకెక్కడుంది చెప్పండి?"

దామోదర్ కోపం ఎటు పోయిందో తెలియలేదు. అంతకుముందు ఆ పిడి పట్టుకున్నవాళ్ళు ఒక్కొక్కరే గుర్తొచ్చారు. విడాకులైన రవికుమార్, తల్లి పోయినా ఊరు వెళ్ళలేకపోయిన కృష్ణమోహన్. పురోహితుడికి ఏం కష్టమొచ్చిందో అడగడానికి మొహమాటపడ్డాడు.

పెరట్లో అతన్ని చూడగానే డాక్టర్‌గారు గబుక్కున రంపం ఆపి, నడుం మీద చెయ్యి వేసుకుని, ఆయాసం తెచ్చుకున్నారు. "మంచి టైముకి వచ్చావయ్యా. ఒక్కడి వల్ల కావడం లేదు."

దామోదర్ ఆయన అబద్ధాన్ని అలాగే ఉండనిచ్చి, ఉద్యోగం సంగతి చెప్పాడు.

డాక్టర్‌గారు మఫ్‌లు తీసి దుంగ మీద కూర్చున్నారు. "చాలా సంతోషం. నువ్వు వెళ్ళిపోవడం మాత్రం బాగాలేదు," అన్నారు. మఫ్‌ల మీది పొట్టు దులుపుతూ, "నువ్వు పట్టిన కోత ఒక్కటీ తిన్నగా రాలేదు, తెలుసా?" అన్నారు.

"ముందే చెప్పొచ్చుగా డాక్టర్‌గారూ."

"చెబితే రావడం మానేసేవాడివి."

టీ తాగుతూ అడిగారాయన, అతనెరిగినవాళ్ళలో కాస్త దిగులుగా ఉన్నవాళ్ళెవరైనా ఉన్నారా అని. కండబలం అక్కర్లేదట. దామోదర్‌కి శ్యామ్‌సుందర్ గుర్తొచ్చాడు. ఇండియాలో డాక్టరు, ఇక్కడి లైసెన్సు పరీక్ష రెండోసారి కూడా తప్పి, ఈమధ్య అపార్ట్‌మెంట్ దాటి బయటికి రావడం లేదు. డాక్టర్‌గారు ఫోన్ అతని ముందుకి జరిపారు.

శ్యామ్‌సుందర్ అవతల చాలాసేపు నసిగాడు. నిద్ర లేదన్నాడు, ఓపిక లేదన్నాడు.

"అది కాదు శ్యామ్, నేను అరిజోనా మూవ్ అవుతున్నాను. పెద్దాయన, ఒక్కరూ ఆ దుంగలతో ఎలా పడతారు? మొన్న చూస్తే పిడి కూడా ఎత్తలేకపోతున్నారు పాపం," అన్నాడు దామోదర్.

పక్కనే కూర్చున్న సూర్యప్రకాశ్‌గారు కప్పు కింద పెట్టి, ఫోన్ దగ్గరికి వంగి, అవతలికి బాగా వినపడేటట్టు నీరసంగా దగ్గారు.