ముక్కు మేస్త్రి

మా ఆయనను అందరూ ముక్కు మేస్త్రి అంటారు. అలాగని ఆయన ముక్కు అంత పెద్దదేమీ కాదు. అందరి ముక్కులాంటిదే, కాస్త ఎడమకు ఒరిగి ఉంటుంది. పొగగొట్టాలు బిగించాక ఆయన వాసన పట్టే తీరు చూసి జనం ఆ పేరు పెట్టారు. ఆ పేరు విన్నప్పుడల్లా నాకు నవ్వూ వస్తుంది, ఒళ్లూ మండుతుంది. ఎందుకంటే ఆ ముక్కుకు వాసన తెలియదు. అత్తరుకూ మురుగుకాలువకూ దానికి తేడా లేదు.

పెళ్లయిన కొత్తలో బాగానే ఉండేది. నేను కూర మాడిస్తే వీధి మలుపు నుంచే తెలుసుకుని, ఇంట్లోకి వస్తూనే ఏడిపించేవాడు. తర్వాత ఒకసారి ఒక హోటలు కప్పు మీద పని చేస్తూ కాలు జారి, కింద ఇసుక గుట్ట మీద వెల్లకిలా పడ్డాడు. ఎముక ఒక్కటీ విరగలేదు. ఇంటికొచ్చి వంటింట్లో నిలబడి, తన అదృష్టం ఎంత గట్టిదో పక్కింటివాళ్లకు వర్ణించి వర్ణించి చెబుతున్నాడు. ఆయన వెనకే పొయ్యి మీద పాలు పొంగి, మాడి, గిన్నె బొగ్గయిపోయింది. పక్కింటివాళ్లు ముక్కులు మూసుకున్నారు గానీ ఆయన మాత్రం వెనక్కి తిరిగి చూడలేదు. తలకు తగిలిన దెబ్బకు ముక్కు మూగబోయిందనీ, మళ్లీ రావచ్చు, రాకపోవచ్చుననీ డాక్టరు చెప్పాడు. రాలేదు.

ఇంట్లో అయితే ఎలాగో సర్దుకుపోవచ్చు. పారేద్దామని పక్కన పెట్టిన నిన్నటి కూరను లొట్టలేసుకుంటూ తిని, "ఇవాళ కూర అదిరిందే" అన్నాడొకసారి. నేను ఆ రోజు వండనే లేదు. అయినా నోరు మెదపలేదు, మెప్పు ఊరికే వస్తుంటే ఎందుకు వదులుకోవాలి? కానీ పని దగ్గర ఆ మాత్రం ముక్కు లేకపోతే ఎలా? వాసన తెలియనివాడికి పొగగొట్టం పని ఎవరిస్తారు? ఆయనకు రాత్రీ పగలూ అదే బెంగ. వేరే పని రాదు, నేర్చుకునే వయసూ కాదు.

ఆయన బిగించేవి ఒక గొట్టంలో ఇంకో గొట్టం ఉండే ఉక్కు పొగగొట్టాలు. పొగ లోపలి గొట్టంలోంచి పోతుంది. రెండు గొట్టాల మధ్య వేడిని ఆపే పొర ఉంటుంది. ముక్క మీద ముక్క నిలబెట్టి, మెలితిప్పి, అతుకు చుట్టూ పట్టీ బిగించాలి. ప్రతి ముక్క మీదా ఒక బాణం గుర్తు ఉంటుంది, అది పైకి చూడాలి. తలకిందులైతే లోపల చేరే నల్లటి తారునీళ్లు అతుకుల్లోంచి బయటికి కారతాయి. అన్నిటికన్నా ముఖ్యం, గొట్టం చుట్టూ నాలుగు వేళ్ల ఖాళీ. చెక్కగానీ గుడ్డగానీ కాగితంగానీ దానికి తగలకూడదు. ఇదంతా నాకెలా తెలుసంటే, మా ఆయన నన్ను పేరు పెట్టి పిలిచినదానికన్నా ఈ నాలుగు వేళ్ల ఖాళీ గురించి చెప్పిందే ఎక్కువ.

పని అయ్యాక పొయ్యి వెలిగించి, ప్రతి అతుకు దగ్గరా సన్నటి కాగితం ముక్క పట్టుకుని అది కదులుతోందేమో చూస్తాడు. వాసన లేకుండానే మనిషిని చంపే గాలి ఒకటుందట, దాని కోసం గోడకు చిన్న అలారం పెట్టిస్తాడు. "ఇది నీకన్నా నయమే, అవసరమైతేనే అరుస్తుంది" అని నన్ను దెప్పుతుంటాడు. "అయితే వాసన కూడా దాన్నే చూడమనండి" అంటాను. చివరి పరీక్ష వాసన చూడడమే, ఆ పరీక్షకు ఆయనకు ఉన్నది నా ముక్కే.

మా ఏర్పాటు ఇదీ. పొయ్యి వెలిగించే వేళకు నేను భోజనం క్యారేజీ పట్టుకుని వెళతాను. మా ఆయన తల పైకెత్తి, కళ్లు అరమూసి, కొలిమి తిత్తిలా బుసలు కొడుతూ గదిగదికీ తిరుగుతాడు. ఆయన వెనక నేనూ తిరుగుతాను. నేను చేతులు కట్టుకుని నిలబడితే అంతా బాగున్నట్టు. చేతిరుమాలు ముక్కు దగ్గర పెట్టుకుంటే అక్కడ పొగ కారుతున్నట్టు. అరమూసిన కంటి చివర నుంచి అది చూసి, "ఊఁ... ఇక్కడే. రెండో అతుకు" అంటాడు. విప్పి చూస్తే పట్టీ వదులుగా ఉంటుంది. చుట్టూ ఉన్నవాళ్లు నోరెళ్లబెడతారు. ఎవరైనా నన్ను చూసి ఈవిడెవరని అడిగితే, "మా ఆవిడండీ, క్యారేజీ తెచ్చింది" అంటాడు.

దాన్నయినా సహించవచ్చు. కానీ ఇంటికొచ్చాక నాకే గొప్పలు చెబుతాడు. "ఇవాళ ఎలా పట్టానో చూశావా?"

"ఎవరు పట్టారు?"

"అదేలే, మనం."

ఆ 'మనం'లో నా వాటా క్యారేజీ మోయడం వరకే.

ఇలా నడుస్తుండగా బేకరీ పని వచ్చింది. కింద కట్టెల పొయ్యితో బేకరీ, పైన ఇల్లు. గొట్టం పైగదిలోంచి కప్పు దాటి పోవాలి. ఆ గదిలో బేకరీ అతని తల్లీ, అతని చిన్న కూతురూ పడుకుంటారు. అందుకని గొట్టం చుట్టూ ఖాళీ వదిలి చెక్కపలకలతో గూడు కట్టారు. లోపల చూసుకోవడానికి దానికో చిన్న తలుపు పెట్టారు. మా ఆయన ఆ తలుపు తెరిచి, ఇంటిల్లిపాదికీ ఖాళీ చూపించి, "ఇందులో సూది కూడా పెట్టొద్దు" అని హెచ్చరించాడు. బేకరీ అతను కంగారు మనిషి. మర్నాడు పొయ్యి వెలిగించి చూడాలి, ఆ మర్నాడు పొద్దున్నే ప్రారంభం. ఊళ్లో సగంమందిని పిలిచేశాడు.

ఆ సాయంత్రం మా ఆయన అతని ముందు మీసం దువ్వి, "నా ముక్కు తప్పు చెప్పిందంటే ఈ మీసం తీసేస్తానండీ" అని కోతలు కోశాడు. నా ఎదురుగానే! అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంటికొచ్చాక ఆయనతో మాట్లాడడం మానేశాను. తెల్లారి లేచేసరికి ముక్కు దిమ్మెక్కి ఉంది. జలుబు. చెబుదామనుకున్నాను గానీ మాటల్లేని రోజున ముందు నేనెందుకు పలకరించాలి? వేడినీళ్లు తాగితే ముక్కు తెరుచుకుంటుందిలే అనుకుని క్యారేజీ సర్దుకుని బయల్దేరాను.

తెరుచుకోలేదు. పొయ్యి రాజుకుంది. మా ఆయన తలెత్తి బుసలు మొదలుపెట్టాడు. నా ముక్కు కారింది. రుమాలు పెట్టుకున్నాను.

"ఆపండి!" అని అరిచాడు.

నిప్పు బయటికి లాగారు. గొట్టం చల్లారేదాకా ఆగి, మొదటి అతుకు విప్పి చూశాడు. బాణాలు పైకే ఉన్నాయి, పట్టీ బిగుతుగానే ఉంది. మళ్లీ బిగించి వెలిగించారు. నేను ఊపిరి బిగబట్టాను. నేను బిగబడితే ముక్కు ఆగుతుందా? మళ్లీ రుమాలు. మళ్లీ "ఆపండి!" ఈసారి రెండో అతుకు. అదీ బాగానే ఉంది. బేకరీ అతనికి తల ప్రాణం తోకకొచ్చింది. మూడోసారి వెలిగించాక, ఏమీ లేదని సైగ చేద్దామని రుమాలు ముక్కు దగ్గర ఉంచుకునే తల గట్టిగా అడ్డంగా ఊపాను. దాన్ని ఆయన ఇంకా పెద్ద ప్రమాదం అనుకున్నట్టున్నాడు, మొహం పాలిపోయింది. అప్పుడొచ్చింది తుమ్ము. బల్ల మీద పిండి లేచి బేకరీ అతని మీసాల మీద పడింది.

మా ఆయనకు విషయం అర్థమైంది. నన్ను పిండి బస్తాల వెనక్కి లాక్కుపోయాడు.

"జలుబా?"

"జలుబే."

"ఎప్పట్నుంచి?"

"మీరు మీసం పందెం కాసినప్పట్నుంచి."

"చెప్పొద్దూ?"

"మీరు పలకరించొద్దూ?"

తర్వాత ఆయన ఏమీ ఎరగనట్టు వెళ్లి, "వాసన ఎలా ఉందండీ?" అని బేకరీ అతన్ని అడిగాడు. "గోడలకి నిన్ననే రంగేశాం కదండీ, ఆ రంగు తప్ప ఇంకే వాసనా తెలియట్లేదు" అన్నాడతను. పైకి వెళ్లాం. పెద్దావిడ మంచాన్ని గూటి తలుపుకు ఆనించి వేసుకుని దాని మీద పడుకుని ఉంది. మనవరాలు పక్కన నేల మీద బొమ్మలు వేసుకుంటోంది.

"వాసనేమైనా వస్తోందా పెద్దమ్మగారూ?"

"అబ్బే, ఏం లేదు నాయనా!" ప్రశ్న పూర్తికాక ముందే చెప్పేసింది.

"ఒక్కసారి మంచం జరిపితే..."

"మోకాళ్లు నాయనా. లేస్తే ప్రాణం పోతుంది."

వెనకే వచ్చిన బేకరీ అతను, "బాగున్నట్టేగా మేస్త్రిగారూ? సరే అనేయండి. ఇవాళ్టి నుంచి రేపు పొద్దుటిదాకా పొయ్యి ఆపేది లేదు, బన్నులు కాలాలి" అన్నాడు. నేను మా ఆయన చెవి దగ్గరికి వెళ్లి, "ఏదో ఒక సాకు చెప్పి ఎల్లుండికి వాయిదా వేయించండి" అన్నాను. "వింటాడా?" అన్నాడు. నిజమే, వినేటట్టు లేడు. కాగితం కదలలేదు, అలారం అరవలేదు, అతుకులన్నీ బాగున్నాయి. సరే అనడానికి కావలసినవన్నీ ఉన్నాయి. ఆ ఒక్క మాట అనేస్తే పేరు నిలబడుతుంది, ఇల్లు గడుస్తుంది. అనేస్తాడనే అనుకున్నాను. అబద్ధాలు చెప్పడం మా ఆయనకు బాగా అలవాటే మరి.

ఆయన నేల మీద బొమ్మలేసుకుంటున్న పిల్లను చూశాడు. గూటిని చూశాడు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"అయ్యా, నాకు వాసన తెలీదు" అన్నాడు.

బేకరీ అతను నవ్వాడు. "భలేవారే!"

"నిజమండీ. కప్పు మీంచి పడ్డప్పట్నుంచి లేదు. ఇన్నాళ్లూ మా ఆవిడ వాసన చూసి సైగ చేస్తే నేను చెప్పేవాణ్ణి. ఇవాళ ఆవిడకి జలుబు. ఈ ఇంట్లో పొగ కారుతోందో లేదో మా ఇద్దరికీ తెలీదు. ముక్కు పనిచేసేవాళ్లు అంతా తిరిగి చూసేదాకా ఆ పొయ్యి ఆర్పేయండి. ఆనక నన్ను పని నుంచి తీసేసినా సరే."

బేకరీ అతని మొహం కందగడ్డలా అయింది. "అందరూ మీ ముక్కు గురించి చెబితేనే కదయ్యా పిలిచింది! రేపు అందరి ముందూ నేను..."

"అతన్నేం అనకురా" అంది మంచం మీంచి పెద్దావిడ. అంటూనే లేచి కూర్చుంది. మోకాళ్లు పట్టలేదు, ప్రాణమూ పోలేదు. "గుడ్డ కమురు వాసన ఇందాకట్నుంచీ వస్తూనే ఉంది. నేనే చెప్పలేదు. నిన్న రాత్రి ఆ గూటి సందులోంచి చల్లగాలి కొట్టి పిల్ల దగ్గింది. నా పాత బొంత తీసి లోపల కుక్కాను. మేస్త్రి సూది కూడా పెట్టొద్దన్నాడు కదా, తెలిస్తే తిడతాడని మంచం అడ్డం వేశాను. అంత పేరున్నవాడు అందరిముందూ తన లోపం చెప్పుకున్నాక నాకేం నాయనా సిగ్గు?"

మా ఆయన మంచం జరిపి తలుపు తెరిచాడు. బొంత బయటికి లాగితే చేతికి ఇస్త్రీపెట్టెలా తగిలింది. గొట్టానికి ఆనిన మడత గోధుమరంగుకు తిరిగింది, వేలు పెడితే పొడిపొడిగా రాలింది. తెల్లవార్లూ పొయ్యి మండి ఉంటే, ఆ పక్కనే పిల్ల పడుకుని ఉంటే ఇంకేమైనా ఉందా! మా ఆయన అలాగే నేల మీద కూలబడ్డాడు. బేకరీ అతను తనే పరిగెత్తి కిందికి వెళ్లి పొయ్యి ఆర్పాడు.

తర్వాత మా ఆయన, ఖాళీ ఖాళీగానే ఉండేలా, గాలి మాత్రం గదిలోకి కొట్టకుండా, కప్పు దగ్గర గొట్టం చుట్టూ ఉక్కు రేకు బిగించాడు. గూటి తలుపుకు తాళం వేసి తాళంచెవి బేకరీ అతనికిచ్చాడు, పెద్దావిడకు ఇవ్వలేదు. మళ్లీ పొయ్యి రాజేశారు. ఈసారి వాసన చూసింది పెద్దావిడ. రెండంతస్తులూ మెట్లెక్కి దిగి ప్రతి అతుకు దగ్గరా ముక్కు పెట్టింది. "ఇక్కడ రంగు వాసన. ఇక్కడా రంగే. ఇది మేస్త్రి చెమట. పొగ ఎక్కడా లేదు" అని తేల్చింది.

బేకరీ అతను చల్లబడ్డాడు. కానీ ఉండబట్టలేక అడిగాడు. "మరి ముక్కు మేస్త్రి అని ఇంత పేరెలా వచ్చిందండీ మీకు?"

మా ఆయన నా వైపు చూపించాడు. "ఆ పేరు ఈవిడదండీ. దొరికిన తప్పులన్నీ ఈవిడ పట్టినవే. నేను పట్టీలు బిగించేవాణ్ణి."

ఇన్నేళ్లలో నలుగురి ముందు ఆ మాట అనడం అదే మొదటిసారి. నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. కళ్లలో నీళ్లు తిరిగాయి. జలుబనుకుని పెద్దావిడ నాకు వేడినీళ్లిచ్చింది.

బన్నులు కాలేలోపే కథ ఊరంతా పాకింది. ముక్కు లేని ముక్కు మేస్త్రి అని జనం విరగబడి నవ్వారట. ఫోను మోగడం మానేసింది. మా ఆయన ఇంట్లో కూర్చుని, తుడిచిన గొట్టాలనే మళ్లీ మళ్లీ తుడుస్తుంటే చూడలేకపోయాను. అబద్ధం చెప్పి ఉంటే బాగుండేదని మాత్రం ఆయన ఒక్కసారి కూడా అనలేదు, నేనూ అనలేదు.

ఒక పూట ఫోను మోగింది. ఆయన ఎగిరి గంతేసి తీశాడు. విన్నాడు. "ఆఁ... ఆఁ... ఉంది" అన్నాడు. మొహం అదోలా పెట్టి ఫోను నాకిచ్చాడు.

"నీకే."

అవతల ఎవరో ఆడమనిషి. "వాసన చూసే అక్కయ్యగారేనా? మా బావగారి హోటల్లో పొగగొట్టం పెట్టించాలండీ. సరిగ్గా లేకపోతే లేదని మొహం మీదే చెప్పేస్తారటగా, మాకు అలాంటివాళ్లే కావాలి. మీకెప్పుడు వీలవుతుంది? వచ్చేటప్పుడు మీ ఆయన్ని కూడా తీసుకురండి, గొట్టాలు బిగించాలి కదా."

మా ఆయన నా ఎదురుగా నిలబడి, తల ఊపమని కళ్లతోనే బతిమాలుతున్నాడు.

"ఇంకా జలుబు తగ్గలేదండీ. తగ్గాక ఇద్దరం వస్తాం" అన్నాను.