సిమెంటు వద్దన్న అర్బాబ్

తడి సిమెంటు వాసన ఎక్కడ తగిలినా నాకు అర్బాబ్ గుర్తొస్తాడు. ఒమన్‌లో పనివాళ్లం యజమానిని అలాగే పిలిచేవాళ్లం. తొంభైల మొదట్లో జగిత్యాల నుంచి వెళ్లిన మేస్త్రీని నేను. మస్కట్‌లో మేడలు కడతానని ఊరంతా చెప్పుకుని బయలుదేరితే, వీసా నన్ను తీసుకెళ్లి ఓ కొండ మీద దానిమ్మ తోటలో పడేసింది. ఒమన్ అంటే ఎడారే అనుకునేవాళ్లకు ఆ కొండల సంగతి తెలియదు. రాళ్లు పేర్చి, మట్టి మోసుకొచ్చి, మంచమంత వెడల్పు మడులను మెట్లుమెట్లుగా ఎన్ని తరాలు కట్టాయో చెప్పగలవాళ్లు కూడా లేరు. ఏ గోడ ఉబ్బినా జనం మా అర్బాబ్ కోసమే వచ్చేవారు. డెబ్బై ఏళ్ల మనిషి, అరచేత్తో రాళ్లను తట్టి ఏది తీయాలో చెప్పేవాడు.

ఓసారి మా మడి గోడ కొంత కూలింది. దాని కిందిది పొరుగాయన మడి. అర్బాబ్ నాతో రాయి మీద రాయి పేర్పించి, "సిమెంట్ మాఫీ" అన్నాడు, వద్దని. సిమెంటు లేనిది కూడా ఓ గోడేనా అని లోలోపల నవ్వుకున్నాను. ఆయన దానిమ్మలు అమ్మడానికి నిజ్వా సంతకు వెళ్లిన రెండు రోజుల్లో, నీళ్ల తొట్టి కోసం తెచ్చిన సిమెంటుతో సందులన్నీ పూడ్చి నున్నగా మెత్తేశాను. మెచ్చుకుంటాడనుకున్నాను. తిరిగొచ్చి చూశాడు. గునపం తెచ్చి సందులు పొడవడం మొదలుపెట్టాడు, నేనూ చెయ్యి కలిపాను. సగం కాకముందే వాన పట్టుకుంది. మడిలో నిలిచిన నీళ్లకు బయటపడే దారి లేక గోడ ఉబ్బి, కింది మడి మీద కూలింది. పొరుగాయన తాత నాటిన మూడు చెట్లు పోయాయి.

పొరుగాయన అరుస్తూ పైకొచ్చాడు. వీసా రద్దు చేసి ఇంటికి పంపేస్తారని భయపడ్డాను. "సిమెంటు నేనే వేయించాను" అన్నాడు అర్బాబ్. అలా ఎందుకు చెప్పారని తర్వాత అడిగితే, రాళ్లు ఏరుతూనే, అరబ్బీ కలిసిన తన హిందీలో "మై బోలా మాఫీ. క్యోం మాఫీ, నహీ బోలా" అన్నాడు. వద్దన్నాను గాని ఎందుకు వద్దో చెప్పలేదు కదా, అని.

నెల రోజులు ఇద్దరం ఆ గోడ మళ్లీ కట్టాం. రాళ్ల మధ్య సందు ఎందుకుండాలో, వెనక చిన్న రాళ్లు ఎందుకు నింపాలో అప్పుడు చెప్పాడు. ఈనాటికీ నా పనితనంలో మంచి అంటూ ఉంటే అది ఆ నెలదే. కానీ ఆ తర్వాత గోడల సంగతి అడగడానికి ఆయన దగ్గరికి ఎవరూ రాలేదు. ముసలాయనకు మతి తప్పిందనుకున్నారు. నేను మరో మూడేళ్లు అక్కడే పనిచేశాను. పొరుగాయన రోజూ ఎదురుపడి నాకు సలాం చెప్పేవాడు. సిగ్గుతో తల వంచుకుని నేనూ చెప్పేవాణ్ణి. సిమెంటు వేసింది నేనేనని చెప్పడానికి నాలుగు అరబ్బీ మాటలు చాలు. అవి నాకు అప్పుడూ వచ్చు, ఇప్పుడూ వచ్చు.