నవంబరులోనే కట్టిన నక్షత్రం

మా బొగ్గుగనుల కాలనీలో డిసెంబరు రాకముందు క్రిస్మస్ నక్షత్రాన్ని ఎవరూ కట్టరు. భక్తి తక్కువై కాదు, బొగ్గు ఎక్కువై. తెల్ల కాగితం నక్షత్రం కొన్నాళ్లు బయట వేలాడితే చాలు, బూడిదరంగుకు తిరుగుతుంది. ఈ సంగతి తెలిసి కూడా నిరుడు నవంబరు మొదట్లోనే వెదురు బద్దలు ముందేసుకుని వరండాలో కూర్చున్నాను.

కారణం మా ఆవిడ గొంతు. పెళ్లయి పినపాక దగ్గరి ఈ క్వార్టర్‌కు వచ్చినప్పటి నుంచి చర్చిలో ఆడవాళ్ల పాటలు ఎత్తుకునేది ఆమే. ఆ ఎండాకాలం థైరాయిడ్ ఆపరేషన్ అయింది. మాట తిరిగొచ్చింది. పాడితే మాత్రం పైస్థాయిలో గొంతు చీలుతోందని పాటల నోటుబుక్కును బీరువా మీదకి ఎక్కించేసింది. క్రిస్మస్ పాటల ప్రాక్టీసు నవంబరు రెండో ఆదివారం మొదలవుతుంది. వెళ్తావా అని అడిగితే, "కుర్చీలు సర్దనీకి పోత" అంది.

అడిగి లాభం లేదు. పండగనే కాస్త ముందుగా ఇంట్లోకి తెస్తే పాట దాని వెంట రాకపోతుందా అనుకున్నాను. టేకులపల్లి వైపు బుట్టలల్లే ఆయన దగ్గర బద్దలు తెచ్చాను. మైదా జిగురు ఉడికించి కాగితం అంటించాను. నక్షత్రానికి ఐదు కొనలుండాలి. ఉన్నాయి. నాలుగు ఆకాశాన్ని చూశాయి, ఐదోది పక్కింటిని చూసింది.

పక్కింటామె కూడా గోడ మీంచి దాన్ని చూసింది.

"ఏంది అన్నా, దీపావళి ప్రమిదలు ఇంక లోపల పెట్టలే, గప్పుడే స్టార్ కట్టినవ్?"

"ముందు కడితే పండగ ముందొస్తదని."

"అట్లయితే మా ఆయన రిటైర్మెంటుకు గూడ ఒకటి కట్టు. జల్దీ వస్తది."

మధ్యాహ్నం గనిలో బ్లాస్టింగ్ జరిగినప్పుడల్లా ఇల్లు అదిరి నక్షత్రం ఊడి పడేది. ఆఫీసు నుంచి రాగానే దాన్ని మళ్లీ కట్టడం, కడుతూ క్రిస్మస్ పాట పాడటం నా పని. నేను తీసేది రాగం కాదు, రోగమని మా ఆవిడ ఎప్పటి నుంచో అంటుంది. ఇంట్లో స్వరం ఆమెది, అపస్వరం నాది. సంసారం మాత్రం ఉమ్మడిది. మొదటి రోజు వంటింటి తలుపు దగ్గరికి వేసింది. రెండో రోజు మిక్సీ వేసింది. అందులో ఏమీ లేదని తర్వాత తెలిసింది.

శనివారం నేను స్టూలెక్కి రెండో చరణంలో ఉండగా వచ్చి స్టూలు పట్టుకుంది.

"ఆడ దిగొద్దు."

"స్టూలు మీంచా?"

"పాటల. ఆడ ఎక్కాలె. వారం సంది దించుతనే ఉన్నవ్."

"ఎట్ల ఎక్కాలె?"

పాడి చూపించింది. పైకి వెళ్లేసరికి గొంతు చీలింది. ఆగిపోయింది. నేను దారానికి ముడి వేస్తున్నట్టు నటించాను. ముడి ఎప్పుడో పడింది. కాసేపటికి అదే లైనును బాగా కింది శ్రుతిలో ఎత్తుకుంది. ఈసారి పైకి వెళ్లినా గొంతు నిలిచింది. పాత గొంతు కాదు, కొంచెం గరుకుగా ఉంది. కానీ నిలిచింది.

"గింత కిందికెల్లి ఎత్తుకుంటే అందరు పాడతరా?" అంది, ఎవరినీ చూడకుండా.

"నేను పాడత."

"నిన్ను అడగలే."

నేను కావాలనే తప్పు పాడి ఆమెతో పాడించానని తర్వాత చర్చిలో కొందరు నా తెలివిని మెచ్చుకున్నారు. కాదనలేదు. నిజానికి ఆ వారమంతా ఒళ్లు దగ్గర పెట్టుకునే పాడాను.

మర్నాడు నోటుబుక్కు బీరువా దిగింది. దుమ్ము దులిపి సంచిలో పెట్టుకుని, చెప్పులేసుకుంటూ నా వైపు తిరిగింది.

"వాళ్లందరికీ కొత్త శ్రుతి నేర్పాలె. నువ్వు ఇంటికాడనే ఉండు. స్టార్ నల్లగయింది, తుడువు."

పొడి గుడ్డ తీసుకుని స్టూలెక్కాను. పాడకుండానే తుడిచాను.