గోడవతల ముందే వినిపించిన మాట

మీరు నవ్వితే నవ్వండి. మా ఆయన కూడా ముందు నవ్వారు. నవ్వి... ఆ వారం నుంచే హాల్లో పడుకోవడం మానేశారు. ఇంతకన్నా సాక్ష్యం నా దగ్గర లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను. ఒక్క ముక్క కలపను. కలపాల్సిన అవసరమూ లేదు.

మాది నిడదవోలు. స్టేషన్‌కి దగ్గర. గూడ్సు బండి వెళ్తుంటే కిటికీ రెక్కలు వణుకుతాయి, అంత దగ్గర. ఇల్లు మా మామగారు కట్టించింది. ఆయన పోయాక అన్నదమ్ములిద్దరూ పంచుకున్నారు. నడి హాల్లో గోడ లేచింది. వీధి గుమ్మం నుంచి పెరటి గుమ్మం దాకా ఒకటే గోడ. పలచటి ఇటుక గోడ. అటు బావగారూ, అక్కా. ఇటు మా ఆయన, నేను, మా పాప హాసిని. పెరడు మాత్రం ఉమ్మడి. పెరడు దాటితే పంటకాలువ.

అక్క అంటే మా తోటికోడలు. వాళ్ళకి పిల్లలు లేరు. హాసిని పుట్టాక నాకు జబ్బు చేసి చాలాకాలం మంచం మీదే ఉన్నాను. పాపకి పాలు పట్టిందీ, లాల పోసిందీ అక్కే. కాదనను. కానీ గోడ కట్టే ముందు, పెద్దమనుషులందరూ కూర్చుని ఉండగా ఒక మాట అంది.

"ఇల్లు మొత్తం మీరే ఉంచుకోండి. పిల్లని నాకిచ్చెయ్యండి. కన్నది అదైతే ఏంటి? పెంచింది నేను."

అది... అంటే నేను. పక్కనే నిలబడి ఉన్నాను.

అప్పటినుంచి పాపని ఆ గుమ్మం తొక్కనివ్వలేదు. మా మధ్య మాటల్లేవు. మాటల్లేవు కానీ పగ మాత్రం రోజూ పలకరించుకునేది. నేను ముగ్గు పెట్టగానే అక్క తన గుమ్మం కడిగి ఆ నీళ్ళు ఇటు తోసేది. నా బట్టలు తీగ మీంచి జారిపడితే తొక్కుకుంటూ వెళ్ళేది. పాప మాత్రం పెరట్లో నుంచి "పెద్దమ్మా" అని పిలిచేది. నేను రెక్క పట్టుకుని లోపలికి లాక్కొచ్చేదాన్ని.

ఇక టీవీ సంగతి. పాత సినిమాలు వేసే ఛానెల్ ఒకటి వస్తుంది మాకు. ప్రకటనలు ఉండవు. అసలు ఉండవు. పాట మధ్యలో సబ్బు రాదు. హీరోయిన్ కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నప్పుడు బంగారం కొట్టువాడు అడ్డం పడడు. మొదలైతే 'శుభం' పడేదాకా ఒకటే ధార. అంట్లు తోముకుని, పాపని పడుకోబెట్టి, గోడ వారన చాప వేసుకుని కూర్చుంటే... ఆ నలుపు తెలుపు మొహాలు, ఆ తీరుబడి, ఒక్కో అక్షరం విడివిడిగా పలికే ఆ మాట... నా రోజు మొత్తానికి అదే సుఖం. దాన్ని నాకు మొదట చూపించింది కూడా అక్కే. గోడ లేని రోజుల్లో ఒకే చాప మీద కూర్చుని చూసేవాళ్ళం. విడిపోయాక ఎవరి టీవీ వాళ్ళది. ఛానెల్ మాత్రం ఒకటే.

మాకు డిష్. వాళ్ళకి కేబుల్. కేబుల్లో మాట ముందొస్తుంది. డిష్‌లో ఒక క్షణం వెనక. క్రికెట్ చూస్తుంటే పక్కింటివాళ్ళు మనకన్నా ముందే అరుస్తారు చూడండి, అలా. ప్రతి డైలాగూ నాకు రెండుసార్లు వినిపించేది. ముందు గోడలోంచి... తర్వాత మా టీవీలోంచి. నన్ను ఏడిపించడానికే సౌండ్ పెంచుతోందని నా నమ్మకం. నేనూ పెంచేదాన్ని. తను ఇంకా పెంచేది.

ఆ రోజు బావగారూ, అక్కా అన్నవరం వెళ్ళారు. కొండ మీద వ్రతం చేయించుకుని రాత్రికి సత్రంలో ఉంటారట. వాళ్ళు ఆటో ఎక్కడం చూశాను. అక్క తాళం వేసి, రెండుసార్లు లాగి చూసి, నా వైపు ఒక చూపు చూసి వెళ్ళింది. మా ఆయన కొట్టుకి సరుకు కోసం విజయవాడ వెళ్ళారు. ఇంట్లో నేనూ, పాపా.

ఉక్కపోత. ఆకు కదలడం లేదు. పాప లోపలి గదిలో నిద్రపోయింది. నేను చాప వేసుకుని టీవీ పెట్టాను. ఏదో పాత సినిమా. పెద్ద ఇల్లు, సవతితల్లి, నోరు లేని పిల్ల. హాయిగా మునిగిపోయాను. మాట ముందు గోడలోంచి వస్తోంది, తర్వాత టీవీలోంచి. రోజూ ఉండేదే కదా... చాలాసేపు నాకు అనుమానమే రాలేదు.

తెర మీద ముసలి నౌకరు లాంతరు పట్టుకుని నడవాలోకి వచ్చాడు.

"అమ్మాయీ, దీపం పెట్టావా?" గోడ అంది. "అమ్మాయీ, దీపం పెట్టావా?" టీవీ అంది.

తర్వాత గోడలోంచి... "పెట్టలేదు."

టీవీలో ఆ పిల్ల తలెత్తి, "పెట్టాను బాబాయ్" అంది.

సరిగ్గా వినలేదేమో అనుకున్నాను. చెవి దగ్గర చెమట తుడుచుకున్నాను. అప్పుడు గుర్తొచ్చింది.

వాళ్ళు ఇంట్లో లేరు.

తాళం వేయడం నా కళ్ళతో చూశాను.

టీవీ ఆపకుండా వెళ్ళిపోయుంటారు, అంతే... అని సర్దిచెప్పుకున్నాను. తెర మీద నౌకరు లాంతరు కింద పెట్టాడు. "ఇంట్లో ఎవరున్నారమ్మా?" అది కూడా ముందు గోడలోంచే వచ్చింది.

గోడ... నెమ్మదిగా...

"అదీ, పిల్లా. అంతే."

టీవీలో ఆ పిల్ల, "నాన్నగారు ఉన్నారు బాబాయ్" అంది.

ఈసారి గొంతు గుర్తుపట్టాను. సినిమా గొంతు కాదు. అక్కది.

రిమోట్ కోసం చాప మీద తడుముకున్నాను. దొరికింది. సౌండ్ మొత్తం తీసేశాను. తెర మీద పెదాలు కదులుతున్నాయి. మాట లేదు. జన్మంతా ప్రకటనలని తిట్టుకున్నదాన్ని... ఆ క్షణాన ఒక్క ప్రకటన వస్తే బాగుండుననిపించింది. ఏ సబ్బో, ఏ టీపొడో... అది వస్తే ఈ సినిమా ఆగుతుంది, నేను లేచి నిలబడగలుగుతాను అనిపించింది. రాదుగా. ఆ ఛానెల్లో ఏదీ ఆగదు.

నా తల వెనక, సరిగ్గా తల వెనక...

"సౌండ్ తీసేసింది."

గోడ నుంచి పాక్కుంటూ అవతలికి జరిగాను. ఫోన్ తీశాను. రెండేళ్ళ తర్వాత అక్కకి చేయడం అదే మొదలు.

"ఏంటీ? ఇన్నాళ్ళకి గుర్తొచ్చానా?" అంది అక్క. వెనక జనం, ఎక్కడో మైకులో భజన.

"అక్కా... ఎక్కడున్నారు?"

"ఎక్కడుంటాను? కొండ మీద. ఏం?"

"మీ ఇంట్లో ఎవరైనా ఉన్నారా అక్కా? మాటలు వినిపిస్తున్నాయి..."

"మా ఇంటి మీద కన్నేసి కూర్చున్నావా నువ్వు?"

నేను జవాబు చెప్పబోతుండగా గోడ గట్టిగా పలికింది. ఫోన్‌లో ఉన్న గొంతే. అదే అక్క. "పిల్లని నాకిచ్చెయ్యండి."

ఫోన్‌లో అక్కకీ వినపడింది. భజన వినిపిస్తూనే ఉంది.

"ఎవరది?" అంది. తర్వాత ఆ గొంతు మారిపోయింది. "నన్నే వెక్కిరిస్తున్నావా? నా గొంతు పెట్టి, నాకే ఫోన్ చేసి... గొడ్రాలినని ఆటగా ఉందా నీకు? పొద్దున్నే వస్తున్నాను. నీ సంగతి అప్పుడు చెబుతాను."

పెట్టేసింది.

అప్పుడే కరెంటు పోయింది.

ఫ్యాన్ నెమ్మదించింది. కిర్రు... కిర్రు... ఆగిపోయింది. వీధంతా చీకటి. మా టీవీ లేదు. వాళ్ళ టీవీ ఉన్నా, అదీ ఆగాలి కదా?

గోడలో సినిమా నడుస్తూనే ఉంది. ఆ ముసలి నౌకరు నవ్వుతున్నాడు. ఆ పిల్ల ఏడుస్తోంది. వాటి కిందుగా, లాలి పాడుతున్నట్టు అక్క గొంతు... "హాసీ... రా అమ్మా... పెద్దమ్మ దగ్గరికి రా."

ఆ గొంతు ఒకచోట లేదు. నడుస్తోంది. హాల్లోంచి వంటింటి వైపు, గోడ లోపలే, చెయ్యి రాసుకుంటూ వెళ్తున్నట్టు ఒక గీత శబ్దం... సర్ర్... సర్ర్... పెరటి వైపు.

పాప గదిలోకి పరుగెత్తాను. మంచం మీద చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది. పాప లేదు.

ఫోన్ లైటు వేసుకుని వంటింట్లోకి వచ్చాను. హాసిని పెరటి తలుపు దగ్గర పీట మీద నిలబడి ఉంది. పై గడియ తీసేసింది. కింది గడియ మీద చెయ్యి ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి.

"హాసీ!"

"పెద్దమ్మ పిలుస్తోంది" అంది మామూలుగా. "వస్తున్నానని చెప్పాను."

ఎత్తుకుని వెనక్కి లాగాను. పీట దొర్లిపోయింది. నా భుజం తలుపుకి కొట్టుకుంది. అప్పుడు తెలిసింది... తలుపు అవతలి నుంచి కూడా బరువు ఉంది. ఎవరో ఆనుకుని నిలబడితే ఉండే బరువు. కొట్టడం లేదు. తొయ్యడం లేదు. ఊరికే ఆనుకుని ఉంది. ఆ వెనక నిండు కాలువ నీళ్ళ చప్పుడు. తలుపు సందులోంచి, నా చెంప దగ్గరే, అక్క గొంతు...

"కన్నది నువ్వైతే ఏంటి?"

పై గడియ ఎలా వేశానో నాకు తెలియదు. పాపని చంకన వేసుకుని వీధి అరుగు మీద పడ్డాను. పాప నా ఒళ్ళో వెంటనే నిద్రపోయింది. నేను తెల్లారేదాకా కళ్ళు మూయలేదు. పాలవాడు సైకిలు ఆపి, "ఏంటండి, ఇక్కడ కూర్చున్నారు?" అనేదాకా ఎక్కడున్నానో కూడా స్పృహ లేదు.

అక్క అన్నట్టే వచ్చింది. మొదటి బండికి దిగి, ఆటోలోంచే అరుస్తూ వచ్చింది. మా ఆయన కూడా అప్పుడే సంచులతో దిగారు. "తాళం తియ్యండి బావగారూ, ఒక్కసారి చూస్తాను" అన్నాను. ఆయన నా మొహం చూసి మారుమాట్లాడకుండా తీశారు.

వాళ్ళ హాలు చల్లగా, ఖాళీగా ఉంది. గోడకి టీవీ లేదు. తగిలించే ఇనప పట్టీ మాత్రం ఉంది. దాని మీద దుమ్ము.

"టీవీ ఏదండీ?" అన్నాను.

"కిందటి వానాకాలం పిడుగు పడి కాలిపోయిందమ్మా" అన్నారు బావగారు. "మళ్ళీ కొనలేదు. మీ అక్క ఇక వద్దంది."

కిందటి వానాకాలం. అంటే ఇన్ని నెలలూ నేను పోటీపడి సౌండ్ పెంచింది...

"మరి రోజూ ఆ సినిమా సౌండు?"

అక్క నా మీదకి వచ్చింది. చెయ్యెత్తింది కానీ కొట్టలేదు. "నన్నే అడుగుతున్నావా? రోజూ మాకు వినపడేలా పెట్టేది నువ్వు కాదూ? సినిమా అయిపోయాక గోడకి నోరు ఆనించి నన్ను తిట్టేది నువ్వు కాదూ? గొడ్రాలా, గొడ్రాలా అని... ఆయన నిద్రపోయేదాకా ఆగి మరీ..."

"నేనా? నేనెప్పుడన్నాను అక్కా?"

"నీ గొంతు నాకు తెలీదంటావా!"

బావగారు తల వంచుకున్నారు. ఆయన ఎప్పుడూ వినలేదట. మా ఆయన నన్ను ఇటు లాక్కొచ్చేశారు. ఎలకలు తిరుగుతుంటాయి, పక్కవీధి టీవీ అయి ఉంటుంది, పిల్ల నిద్రలో నడిచి ఉంటుంది అన్నారు. నవ్వారు కూడా. తర్వాత ఒక రాత్రి మంచినీళ్ళకని లేచి హాల్లోకి వెళ్ళారు. మర్నాడు మంచం లోపలి గదిలోకి మార్చేశారు. ఏం విన్నారని అడిగితే చెప్పరు.

పెరటి తలుపుకి తాళం వేయించాం. అక్క ఇదివరకటికన్నా ఎక్కువ పగగా ఉంది. ఎదురుపడితే ఉమ్మేస్తుంది. అబద్ధమాడుతోందని నేను గట్టిగా నమ్మాను. ఆమే ఏదో చేసింది, చేయించింది, తిరిగి నా మీదకే తోస్తోంది... అలా అనుకుంటేనే నాకు నిద్ర పట్టేది.

మొన్నామధ్య పాపకి జడ వేస్తూ, మాటల్లో మాటగా అడిగాను. "ఆ రోజు పెద్దమ్మ పిలిచిందన్నావు కదా... కనిపించిందా నీకు?"

"కనిపించలేదు. గోడలోంచి పిలిచింది."

"ఒక్కర్తేనా?"

పాప వెనక్కి తిరిగి నా మొహంలోకి చూసింది. ఇది కూడా తెలియదా అన్నట్టు.

"నువ్వు కూడా అక్కడే ఉన్నావు కదమ్మా. పెద్దమ్మ పక్కన. నువ్వే ఎక్కువ మాట్లాడావు."

జడ సగంలో ఆగిపోయింది. స్టేషన్ వైపు గూడ్సు బండి వెళ్తోంది. అది వెళ్ళేదాకా ఆగాను. తర్వాత రిబ్బన్ కట్టి, బడికి పంపించేశాను.

ఆ వైపు ఉండి నేను ఏం మాట్లాడానో... పాపని ఇంతవరకూ అడగలేదు.