జిగురు రంగుల సముద్రం

పొద్దున లేవగానే ముందుగది కిటికీలన్నీ మూయడం పెళ్ళయిన నాటినుంచీ ఆమె పని. భర్త నాటకాల కంపెనీకి తెరల మీద బొమ్మలు వేసేవాడు. నూనె రంగు ఆరేదాకా దుమ్ము పడకూడదు. అందుకని తలుపు సందుల్లో కూడా పాత గుడ్డలు కుక్కేది. ఆ వాసనలోనే, రాత్రనక పగలనక దగ్గుకుంటూ, ఆయన రాజమహళ్ళూ వీధులూ పుట్టించాడు. ఊపిరితిత్తులు ఎంతకాలం ఓర్చుకుంటాయి? ఇప్పుడు గోడ మీద ఫోటో అయ్యాడు. ఆమె లేవగానే అవే కిటికీలు బార్లా తెరుస్తోంది.

పక్కన కూర్చుని రంగులు కలిపీ కలిపీ ఆమెకూ చెయ్యి తిరిగింది. కంపెనీ మేనేజరు పరామర్శకని వచ్చి, మంచినీళ్ళు తాగి, మెల్లగా అసలు సంగతి కదిపాడు.

"సముద్రం తెర కావాలి చెల్లెమ్మా. వచ్చే శనివారమే ఆట. కొత్త గుడ్డ, నూనె రంగు డబ్బాలు పంపిస్తా. మా బావ వేసినట్టే తళతళలాడాలి."

"కొత్త గుడ్డ వద్దన్నగారూ. మీ గోదాములో పాత అడవి తెర ఉందిగా, అది పంపండి. నూనె రంగు ఈ గుమ్మం దాటి లోపలికి రాదు. నీళ్ళలో కరిగే జిగురు రంగులు వేస్తా. పొద్దుగూకితే చెయ్యి ఆపేస్తా."

"పని మొదలెట్టకముందే ఇన్ని షరతులా! ఫ్లెక్సు కొట్టించుకుంటే గంటలో అయిపోతుంది."

"కొట్టించుకోండి. ఆట అయ్యాక ఏ చెత్తకుప్పలో పడేస్తారో అదీ ఇప్పుడే చూసి పెట్టుకోండి."

అతను విసవిసా వెళ్ళిపోయాడు. తోడుకని వచ్చి ఉన్న ఆడపడుచు నెత్తి కొట్టుకుంది. ఊళ్ళో ఉన్నది ఆ ఒక్క కంపెనీయే. అది పోతే ముందుగదికి తాళం వేసి, వదిన తన ఇంట్లో ఓ మూల చాప వేసుకోవాల్సిందే.

"అన్నయ్య ఒక్కనాడైనా ఆయన మాట కాదన్నాడా వదినా?"

"అనలేదమ్మా. అందుకే ఫోటోలో ఉన్నాడు."

ఆడపడుచు కళ్ళొత్తుకుంది. ఆమె ఏడవలేదు. ఆ ఏడుపుకి వేరే వేళ ఉంది.

రెండు రోజులు ఎవరూ రాలేదు. ఆ తర్వాత బండి మీద అడవి తెర దిగింది. మేనేజరు ఫ్లెక్సు కొట్టించాడట, రిహార్సల్లో దాని మీద లైట్లు పడితే తనకంటే సముద్రమే ఎక్కువ మెరుస్తోందని హీరో అలిగాడట!

అది మామగారి కాలం తెర, జిగురు రంగులతో వేసింది. వేడినీళ్ళలో నానబెట్టి వదినా ఆడపడుచూ కలిసి తొక్కారు. చెట్లు కరిగాయి, ఆకులు కరిగాయి. అడుగున ఏదో వీధి మరక తేలింది. అడవి కాకముందు అది వీధన్నమాట! నీళ్ళు తొట్టిలో కదపకుండా ఉంచితే బూడిదరంగు మడ్డి పేరుకుంది.

"దీన్ని పారబోయక దాస్తావేంటి?"

"సముద్రానికి ఒడ్డు అక్కర్లేదా?"

ఆ మడ్డిలో జిగురు కలిపి, దానితోనే తెర మీద ఇసుక ఒడ్డు వేసింది. ఆయన చివరి తెర, నూనె రంగు రాజమహలు, మూలన చుట్టి ఉంది. అది నానదు, కరగదు, రేకులా బిగుసుకుపోయింది. కన్ను అటు పోయినప్పుడల్లా కుంచె ఇంకా గట్టిగా పట్టుకుంది.

శుక్రవారం పొద్దుగూకే వేళకి మేనేజరు వచ్చి, గుమ్మంలోనే ముక్కు ఎగబీల్చాడు.

"వాసనే లేదేంటి?" అంటూ తెర వైపు చూశాడు. ఆ కొస నుంచి ఈ కొస దాకా నడిచాడు. తర్వాత వేలు చూపించాడు. "ఆ మూల అల ఒక్కటే మిగిలింది. లైటేసి పూర్తి చేసెయ్ చెల్లెమ్మా. మా బావైతే..."

"మీ బావైతే వేసేవాడు. అలా వేసి వేసే పోయాడు. ఆట రేపు సాయంత్రం కదా, పొద్దున వేస్తా."

"ఆరకపోతే?"

"సముద్రం కాబట్టి తడిగా ఉందని చెప్పండి."

అతనికి నవ్వు ఆగలేదు.

"పోనీ కిటికీలన్నా మూయించు. దుమ్ము పడుతుంది."

"పడనీండి. ఒడ్డున దుమ్ముండదా?"

ఆమె రంగు గిన్నె మీద మూత పెట్టింది. ఆడపడుచు అలవాటు కొద్దీ కిటికీ రెక్క మీద చెయ్యి వేసింది.

"మూయకు," అంది ఆమె.